గడియారం, ఆ తర్వాత చెవి

నవంబరు 2, ఆదివారం

గ్రౌండులో గీతలు వేసి వచ్చాను. సున్నం సగం బస్తా మిగిలింది.

బేసుకీ బేసుకీ మధ్య తొంభై అడుగులు. నాలుగు బేసులు, నాలుగు మూలలు. ఎదురు మూలల మధ్య టేపు పట్టి చూస్తే నూట ఇరవై ఏడు అడుగుల మూడు అంగుళాలు రావాలి. ఇవాళ రెండంగుళాలు ఎక్కువ వచ్చింది. చెరిపి మళ్ళీ వేశాను. కెనాల్స్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. వంకర చదరాన్ని వదిలేసి ఇంటికి రాలేను.

గీతల కోసమే వెళ్తున్నాను. ఆట కోసం కాదు. ఈ మాట ఇక్కడ రాసిపెట్టుకోవడం మంచిది.

నవంబరు 3

రెండు ఇడ్లీలు. చట్నీ లేదు.

నవంబరు 5, బుధవారం

పొద్దున నడక అయ్యాక గుల్జార్ బేగం టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. గ్రౌండు గేటు పక్కనే. అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు నరసరావుపేటలో అభిమానులంటూ ఎవరైనా ఉంటే ఆ రెండు బల్లల మీదే ఉంటారు. ఎనిమిది మందికి మించరు. ఒకరినొకరు తిట్టుకోవడానికి ఆ మాత్రం చాలు.

జూలైలో మా ఆవిడ పోయినప్పటి నుంచీ జట్టుకు మేనేజరు లేరు. తర్వాత ఎవరన్నదే చర్చ. నేను వెళ్ళేసరికి ఆపేశారు. పేపరు తెరిచాను. మళ్ళీ మొదలుపెట్టారు.

పేర్లు రెండు. చైతన్య: ప్రైవేటు స్కూల్లో పీఈటీ, ఇరవై తొమ్మిదేళ్ళు, కోచింగ్ డిప్లొమా ఉంది, పిల్లల పరుగును సెల్‌ఫోన్‌లో తీసి వాళ్ళకే చూపిస్తాడు. షెర్లీ: ఆరేళ్ళు ఈ జట్టుకే క్యాచరుగా ఆడింది. ఇప్పుడు ముప్పాళ్ళ సచివాలయంలో ఉద్యోగం. సాయంత్రాలు స్కూటీ మీద వచ్చి పిల్లలకు బంతులు అందిస్తుంది.

వీరయ్య చైతన్య వైపు. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు, దేన్నైనా బస్సు దగ్గరికే తెస్తాడు. లైసెన్సు లేనివాళ్ళ చేతికి స్టీరింగు ఎట్లా ఇస్తారన్నాడు. పైగా షెర్లీకి రేపో మాపో పెళ్ళవుతుంది, అత్తారింటికి పోతుంది, మళ్ళీ మనం ఇదే బల్ల మీద కూర్చుని ఇదే మాట్లాడుకోవాలి అన్నాడు.

“పెళ్ళయితే ఏందంట?” అంది గుల్జార్ బేగం, గ్లాసులు కడుగుతూ. “టీచరమ్మకి కాలేదా పెళ్ళి? ఆమె ఏడికన్నా పోయిందా? మొగుణ్ణే గ్రౌండుకి తోలుకొచ్చి ముగ్గేయించింది.”

అందరూ నవ్వారు. తర్వాత నా వైపు చూసి ఆపేశారు. నాకూ నవ్వు వచ్చింది. పేపరు అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది.

నవంబరు 7, శుక్రవారం

సీతారామాంజనేయులు గారు ఇంటికి వచ్చారు. పురుగుమందుల కొట్టు ఆయనది. జట్టును నడిపే క్లబ్బుకు అధ్యక్షుడు. పదకొండేళ్ళ నుంచీ బంతులూ బ్యాట్లూ కొంటున్నారు గానీ ఆట ఎలా గెలుస్తారో ఇప్పటికీ తెలియదు. ఆమె చూపించినచోట సంతకం పెట్టేవారు. ఆమె చప్పట్లు కొడితే కొట్టేవారు.

డిసెంబరులో రాష్ట్ర పోటీలు. ఎంట్రీ ఫారం ఈ నెల ముప్పై లోపు పంపాలి. మేనేజరు పేరు లేని జట్టును తీసుకోరు. అంటే పదహారు మంది పిల్లలు ఏడాది పొడుగునా ఎండలో ఆడింది గేటు దగ్గరే ఆగిపోతుంది.

“పేరు మీరు రాయండి హనుమంతరావు గారూ. అది ఆమె జట్టు, నేను రాస్తే బాగుండదు. మీరెవర్ని రాస్తే వాళ్ళే” అన్నారు. ఈ సంగతి టీ బడ్డీ దాకా పోనివ్వనని కూడా అన్నారు.

నాకు అభిప్రాయం లేదని చెప్పాను. ఆయన విననట్టే ఫారం బల్ల మీద పెట్టి వెళ్ళారు.

పోయినేటి ఫారమే జిరాక్సు తీయించారు. మేనేజరు: బి. బాలసరస్వతి. దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన కొత్త పేరు రాయాలట.

ఫారం ఈ డైరీలోనే పెట్టాను.

నవంబరు 8

గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది. ఆమెది. ఆటోమేటిక్. చేతికి ఉంటేనే నడుస్తుంది, బీరువాలో పెడితే ఆగిపోతుంది. అందుకని కట్టుకుంటున్నాను, అంతే. మగవాళ్ళ గడియారమే. ఆడవాళ్ళ గడియారాల్లో సెకన్ల ముల్లు కనపడదని మొదటి నుంచీ ఆమె ఇలాంటిదే కట్టుకునేది.

నవంబరు 11, మంగళవారం

ప్రస్తుతానికి ఆట చైతన్య చూసుకుంటున్నాడు. పిల్లలకు కొత్త సైగలు నేర్పుతున్నాడు. కాగితం మీద అచ్చు వేయించి తలా ఒకటి ఇచ్చాడు. పిల్లలు దాన్ని నాలుగు మడతలు పెట్టి సాక్సులో దోపుకున్నారు.

ఆమె ఎప్పుడూ కాగితం ఇవ్వలేదు. మూడో బేసు పక్కన నిలబడి, నోరు తెరవకుండా చేతులతోనే ఆడించేది. టోపీ, మోచెయ్యి, ముక్కు, చెవి. అవతలి జట్టు కనిపెట్టకుండా బోలెడు ఉత్తుత్తి సైగలు కలిపేది. ఆమె పద్ధతిలో ముందు గడియారం ముట్టుకుంటేనే తర్వాతది లెక్క. గడియారం, ఆ తర్వాత టోపీ: బంతిని గట్టిగా కొట్టకు, తట్టి వదులు. గడియారం, ఆ తర్వాత చెవి: మూడో బేసు మీద ఉన్న పిల్ల దేనికీ ఆగకుండా హోముకు, అంటే బ్యాటు పట్టే మూలకు, పరిగెత్తాలి. చేరితే ఒక పరుగు. దొరికితే ఔటు. ఈ సైగ ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి చేసేది కాదు.

ఇవన్నీ నాకు తెలియడానికి కారణం, వంటింట్లో నా మీద సాధన చేయడమే. తర్వాత పెళ్ళిళ్ళలో వాడటం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ వరసలో ఆమె, మగవాళ్ళ వరసలో నేను. గడియారం, చెవి: ఇక లేవండి, ఇంటికి పోదాం. కారంపూడిలో ఒక పెళ్ళిలో పెరుగు వడ్డించకముందే లేపేసింది. ఏమైందని అడిగితే, పెళ్ళికొడుకు మేనమామ మైకు కోసం చూస్తున్నాడంది.

నవంబరు 13

ఫారం గురించి ఆంజనేయులు గారు ఫోను చేశారు. అభిప్రాయం లేదన్నాను.

నవంబరు 14

నాలుగో మాసికం. పురోహితుడు తొందరలో ఉన్నాడు.

నవంబరు 16, ఆదివారం

సత్తెనపల్లి జట్టుతో ఆట. గీతలు వేశాక కాసేపు గేలరీ మెట్ల మీద కూర్చున్నాను. మూడో బేసు వైపు. నీడ అక్కడే ఉంటుంది.

షెర్లీ చర్చి నుంచి తిన్నగా వచ్చేసరికి సగం ఆట అయిపోయింది. చైతన్యే నిలబడి ఆడించాడు. బాగానే ఆడించాడు. కాకపోతే ఒక్కో సైగకీ ముందు తనే ఒకసారి ఆలోచించుకుంటున్నాడు.

చివరి ఇన్నింగ్స్. అయిదుకి అయిదు, సమానం. మన బ్యాటింగు. ఇద్దరు ఔటు. ఇంకొక్కరు ఔటైతే అయిపోయినట్టే. మూడో బేసు మీద ఉజ్వల. ఇంటరు రెండో ఏడు చదువుతున్న పిల్ల, పరుగులో తనను మించినవాళ్ళు జట్టులో లేరు. చైతన్య ఆగమని సైగ చేశాడు. బ్యాటు పట్టుకున్న శ్రీదివ్య కొడితే చూద్దామని అతని లెక్క. అది తప్పు లెక్కేమీ కాదు.

బీపీ మాత్ర వేసుకునే వేళైందేమోనని గడియారం చూసుకున్నాను. వేలితో అద్దం తుడిచాను. అదే సమయంలో చెవి దురద పెట్టింది.

సత్తెనపల్లి పిల్ల బంతి వేయడానికి చెయ్యి వెనక్కి తిప్పింది. అప్పటికే ఉజ్వల సగం దూరంలో ఉంది. దుమ్ము లేచింది. అంపైరు రెండు చేతులూ బారచాపాడు. ఔటు కాదు. ఆరుకి అయిదు. గెలిచాం.

తర్వాత టీ బడ్డీ దగ్గర వీరయ్య చైతన్యను భుజాల మీదికి ఎత్తుకోవాలని చూశాడు. మోకాళ్ళు సహకరించలేదు. ఇలాంటి సమయంలో పిల్లను పరిగెత్తించాలంటే ఎంత గుండె కావాలో తెలుసా, ఘాటు రోడ్డులో ఓవర్‌టేక్ చేసినట్టు చేశాడు అన్నాడు. ఇన్నాళ్ళూ షెర్లీ పేరే చెప్పిన గుల్జార్ బేగం కూడా ఈ పిల్లగాడు అనుకున్నంత మెత్తనోడు కాదంది. అతనికి టీ ఊరికే ఇచ్చింది. చైతన్య గ్లాసు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. వినయం అనుకున్నారు అందరూ.

షెర్లీ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

“మీ చెవికేమైంది సార్?”

“దురద.”

“గడియారానికి కూడానా?”

టైము చూసుకున్నానని చెప్పాను. ఆ అమ్మాయి వెళ్ళి బేసులు పీకి సంచిలో వేసుకుంది.

చెవి దురద పెట్టింది. అంతే.

నవంబరు 17

చెవిలో రెండు చుక్కలు కొబ్బరినూనె వేసుకున్నాను.

నవంబరు 19, బుధవారం

రెండు బల్లల మీదా ఇప్పుడు ఒకటే మాట. చైతన్య. నిన్నటిదాకా షెర్లీ అన్నవాళ్ళు, తాము మొదటి నుంచీ చైతన్యే అన్నామంటున్నారు. ఆదివారం నాటి పరుగును వీరయ్య రోజుకొకసారి చెబుతున్నాడు. ఇవాళ్టికి ఉజ్వల గాలిలో ఎగిరి వచ్చింది.

అతని పేరు రాసేస్తే అందరికీ సంతోషం. అతను మంచివాడే. ఇంటికి వచ్చి ఫారం తీశాను. గీత తిన్నగా కొట్టాలంటే స్కేలు కావాలి. స్కేలు దొరకలేదు.

డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో స్కేలు దొరకలేదు.

నవంబరు 22, శనివారం

సాయంత్రం చైతన్య వచ్చాడు. కాఫీ పెట్టాను. తాగకుండా చాలాసేపు కూర్చున్నాడు.

“ఆ పరుగు నాది కాదు సార్. నేను ఆగమన్నాను.”

తెలుసని నేను అనలేదు. ఎలా తెలుసని అడుగుతాడు.

వారం రోజులుగా జనం మెచ్చుకుంటుంటే ఎటు చూడాలో తెలియడం లేదట. ఉజ్వలను పిలిచి అడిగాడట. సైగ వచ్చింది, పరిగెత్తాను అందట. ఎవరు చేశారంటే నోరు విప్పలేదట. తను చేయని సైగ ఎక్కడి నుంచి వస్తుంది? అబద్ధమాడుతోందని తేల్చుకున్నాడు. గెలిచాం కదా అని ఊరుకుంటే రేపు పదహారు మందీ ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడతారు. అందుకని రాష్ట్ర పోటీలకు వెళ్ళే జాబితాలోంచి ఉజ్వలను తీసేద్దామనుకుంటున్నాడు. మేడం ఉన్నా ఇదే చేసేవారు కదా అని నన్ను అడిగాడు.

చేసేది. ఆ విషయంలో ఆమె ఇంకా కఠినం.

ఆలోచిద్దామని పంపించాను. అతని కాఫీ నేను తాగాను.

ఆ పిల్ల నా పేరు చెప్పలేదు.

నవంబరు 23, ఆదివారం

గీతలు వేయడానికి వెళ్ళేసరికి ఉజ్వల సున్నం బస్తా మీద కూర్చుని ఉంది. మిగతా పిల్లలు ఆడుతున్నారు. జాబితా సంగతి అప్పటికే తెలిసినట్టుంది. ఏడవడం లేదు. గ్లవ్ తాడు ముడి విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది.

సైగ ఎవరు చేశారో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే మిమ్మల్ని గేలరీలో కూర్చోవద్దంటారని సార్” అంది.

సున్నం డబ్బా అక్కడే పెట్టి టీ బడ్డీకి వెళ్ళాను. చైతన్య ఉన్నాడు. వీరయ్య, ఆంజనేయులు గారు, మిగతావాళ్ళూ ఉన్నారు. షెర్లీ అప్పుడే స్కూటీ దిగింది. ఎక్కువసేపు నిలబడితే మాట రాదని వెంటనే చెప్పాను.

“ఆ రోజు సైగ చేసింది నేను. ఉజ్వల తప్పు లేదు.”

గుల్జార్ బేగం టీ వడపోస్తున్న చెయ్యి ఆపింది. వీరయ్యకు ముందు అర్థం కాలేదు. తర్వాత, చెవేదో గోక్కుని ఉంటావులే, పిల్ల పొరబడిందేమో అని నన్ను కాపాడబోయాడు.

“దురద కాదు వీరయ్యా. చేశాను” అన్నాను.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. అయితే మేనేజరు హనుమంతరావే అన్నాడు వీరయ్య. నన్ను ఎదురుగా పెట్టుకుని, నేను పనికొస్తానా రానా అని పావుగంట వాదించుకున్నారు. వయసు, బీపీ, డిప్లొమా, అన్నీ తీశారు. ఆంజనేయులు గారు రెండు వైపులా తల ఊపారు.

“సారుకి గీతలే వచ్చు” అంది గుల్జార్ బేగం. “పిల్లల మీద ఒక్క అరుపు అరవలేడు. చానా మెత్తన.”

“అరవడం దేనికి? గోక్కుంటే చాలు” అన్నాడు వీరయ్య.

చైతన్య ఈ మాటల్లో కలవలేదు. గ్లాసు పెట్టేసి గ్రౌండులోకి నడిచాడు. ఉజ్వలను బస్తా మీద నుంచి లేపాడు. ఏం చెప్పాడో వినపడలేదు. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ మూడో బేసు దగ్గరికి పోయింది. చైతన్య తిరిగి వచ్చి, ఇంకోసారి ఇలా చేయకండి సార్ అన్నాడు. చేయనని మాట ఇచ్చాను. చిన్నవాడైనా అలా అడగగలిగినందుకు నచ్చాడు.

ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఉజ్వల మూడో బేసు మీద నిలబడి ముందు చైతన్య వైపు చూసింది. తర్వాత నా వైపు. నా మొహం కాదు, నా చేతికున్న గడియారం. సరస్వతి ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. ఆ ఒక్క క్షణం ఆమె చేయాల్సింది మిగిలిపోయినట్టు అనిపించింది. చేసేశాను.

చెవి దురద పెట్టలేదు.

నవంబరు 26, బుధవారం

షెర్లీ ముప్పాళ్ళ నుంచి వస్తూ ఇంటి ముందు ఆగింది. దారిలో మిరప తోటల దగ్గర ఎవరో ఇచ్చారని ఒక సంచీలో దోసకాయలు తెచ్చింది. ఫారం సంగతి ఆ అమ్మాయికి తెలియదు. నేనూ చెప్పలేదు.

వచ్చింది వేరే పని మీద. మేనేజరు ఎవరైనా సరే, మేడం సైగలు పూర్తిగా మార్చేయాలి అంది. చైతన్య కాగితం ఇచ్చినా పిల్లల ఒంట్లో పాతవే ఉన్నాయట. కాగితంతో పోవు, రోజూ ఆడించి మరిపించాలట.

నాకు నచ్చలేదు. అవి బాగానే పనిచేస్తున్నాయి కదా అన్నాను.

“పనిచేస్తన్నాయి కాబట్టే సార్” అంది. “గడియారం తీసెయ్యమని మిమ్మల్ని నేను అడగలేను. ఎవరూ అడగకూడదు. సైగలు మారిస్తే మీరది నిశ్చింతగా కట్టుకోవచ్చు. అక్కడే కూర్చోవచ్చు. ఎంత గోక్కున్నా ఎవరూ పరిగెత్తరు” అంది.

బ్యాటు వెనకాల ముసుగు వేసుకుని, గొంతుక్కూర్చుని, గ్రౌండు మొత్తాన్ని ఎదురుగా చూసేది ఒక్క క్యాచరే అని సరస్వతి చెబుతుండేది. మిగతా ఎనిమిది మందీ బంతిని చూస్తారు, ఇది మనుషుల్ని చూస్తుంది అనేది. అప్పట్లో వినేసి ఊరుకున్నాను.

షెర్లీ కప్పు కడిగి బోర్లించి వెళ్ళింది. స్కేలు డ్రాయరులోనే ఉంది. పైనే ఉంది.

ఒక్కటే గీత కొట్టాను. సన్నగా. కింద పేరు చదవడానికి వీలుగా. పక్కన రాశాను: కె. షెర్లీ.

నవంబరు 27

ఫారం ఆంజనేయులు గారికి ఇచ్చాను. చదివి, నేనూ ఇదే అనుకున్నా అన్నారు. ఏ పేరు రాసినా అదే అనేవారు.

చైతన్య ఒక పూట మాట్లాడలేదు. సాయంత్రం తనే షెర్లీ దగ్గరికి వెళ్ళి, డిప్లొమా ఉన్నవాడు ఒకడు ఉండాలి కాబట్టి పరుగులూ వ్యాయామాలూ తనకు వదలమన్నాడట. వదిలిందట. వీరయ్య మాత్రం లైసెన్సు మాట వదల్లేదు. రాష్ట్ర పోటీల్లో గెలిస్తే లైసెన్సు తనే రాసిస్తానన్నాడు. అప్పుడు ముందు బ్యాటింగుకి ఎవరిని పంపాలన్న దాని మీద గుల్జార్ బేగంతో తగువు మొదలైంది. నేను ఉజ్వల అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. అభిప్రాయం చెప్పడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

దోసకాయ పచ్చడి చేశాను. ఉప్పు ఎక్కువైంది. బాగుంది.

నవంబరు 30, ఆదివారం

నూట ఇరవై ఏడు అడుగుల మూడు అంగుళాలు. మొదటిసారే వచ్చింది.

పిల్లలు రెండు జట్లుగా విడిపోయి ఆడారు. ఆట చూడటానికి కూర్చున్నాను. షెర్లీ మూడో బేసు పక్కన నిలబడి సైగలు చేసింది. మోకాలు, మెడ, బెల్టు, ఇంకేవో. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. పిల్లలకు అర్థమైంది.

పదిన్నరకు ఎండ మెట్ల మీదికి వచ్చింది. మూడో బేసు మీద ఉజ్వల ఉంది. నా వైపు ఒకసారి చూసింది.

గడియారం ముట్టుకున్నాను. చెవి ముట్టుకున్నాను. ఉజ్వల నవ్వి షెర్లీ వైపు తిరిగింది. ఎవరూ పరిగెత్తలేదు.

లేచి ఇంటికి వచ్చాను.